ఎకాలజీ పదాలన్నీ కలగాపులగం అవుతున్నాయి, ఎలా నేర్చుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: వేరే సబ్జెక్టు నుంచి వచ్చి పర్యావరణ శాస్త్రం కొత్తగా మొదలుపెట్టారు. ఆవాసం, నిచ్, సముదాయం, ఆవరణ వ్యవస్థ, జీవద్రవ్యరాశి, ఉత్పాదకత, బీఓడీ, వీటన్నింటి నిర్వచనాలూ కంఠతా వచ్చు. కానీ ప్రశ్న కాస్త తిప్పి అడిగితే ఏది ఏదో తేలక టెన్షన్ పడుతున్నారు. ఏ పదాలు ముందు నేర్చుకోవాలి, ఒకదాంట్లో ఒకటి కలిసిపోకుండా ఎలా గుర్తుపెట్టుకోవాలి అని అడిగారు.

సూటిగా చెప్తాను. నిర్వచనాన్ని కాసేపు పక్కన పెట్టి, ప్రతి పదం దగ్గరా "దీన్ని కొలవాలంటే ఏం చేస్తారు, ఏ యూనిట్‌లో రాస్తారు" అని అడగండి. యూనిట్ చెప్పగలిగిన పదం ఇంకోదానితో కలవదు. యూనిట్ దొరకని పదాలు కూడా కొన్ని ఉంటాయి, అవి వేరే రకం పదాలని అప్పుడే తెలిసిపోతుంది. నేను చెరువుల్లో, అడవి ప్లాట్లలో సర్వేలు చేస్తూ, నీటి పరీక్షలు చేస్తూ, కొత్తగా చేరినవాళ్లకు ఈ పని నేర్పుతూ వచ్చిన మనిషిని. బట్టీ పట్టి వచ్చినవాళ్లు ఫీల్డులో మొదటి రోజే తికమకపడటం, కొలతతో నేర్చుకున్నవాళ్లు నిలబడటం చాలాసార్లు చూశాను కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నాను.

నిర్వచనాలు ఎందుకు పనికిరావడం లేదంటే, అవన్నీ ఒకేలా మొదలవుతాయి. జనాభా, సముదాయం, ఆవరణ వ్యవస్థ, ఆవాసం నాలుగింటికీ పుస్తకంలో "ఒక ప్రాంతంలో" అనే ఉంటుంది, ఆ తర్వాత రెండు మూడు మాటలే తేడా. ఆ రెండు మూడు మాటలే పరీక్ష హాల్లో జారిపోతాయి.

ముందు, ఎవరిని లెక్కపెడుతున్నాం అన్నది

ఒక చెరువు అనుకోండి. అందులో ఒకే జాతికి చెందిన కప్పలన్నీ కలిసి ఒక జనాభా. కొలత ఏమిటంటే సంఖ్య, లేదా హెక్టారుకు ఇన్ని అనే సాంద్రత. ఆ కప్పలకు చేపలు, నత్తలు, నాచు, పురుగులు, బాక్టీరియా అన్నీ కలిపితే సముదాయం. ఇక్కడ కొలత మారిపోయింది చూడండి: ఎన్ని కప్పలు అన్న ప్రశ్న పోయి, మొత్తం ఎన్ని జాతులు, ఏ జాతి వాటా ఎంత, ఎవరు ఎవరిని తింటున్నారు అన్నవి వచ్చాయి. ఆ సముదాయానికి నీరు, వెలుగు, ఉష్ణోగ్రత, కరిగిన లవణాలు, అడుగున ఉన్న బురద కూడా కలిపితే ఆవరణ వ్యవస్థ, అక్కడ మనం కొలిచేవి రాకపోకలు, అంటే ఏడాదిలో ఎంత శక్తి లోపలికి వచ్చింది, ఎంత నత్రజని బయటికి పోయింది అన్నవి. అందుకే అయిదు జాతుల చేపలున్న చోట "చేపల జనాభా" అని రాస్తే మార్కు పోతుంది, అక్కడ ఉన్నవి అయిదు జనాభాలు.

జనాభాను ఎలా లెక్కపెడతారో ఒక్కసారి చూస్తే ఆ మాట జన్మలో మరిచిపోరు. అన్నింటినీ పట్టుకోలేం కదా. 50 కప్పల్ని పట్టి, గుర్తు పెట్టి వదిలేస్తాం. కొన్నాళ్లకు మళ్లీ 40 పడితే అందులో 10కి గుర్తు ఉందనుకోండి. అంటే మొత్తంలో పావు వంతుకు గుర్తు ఉన్నట్టు, కాబట్టి చెరువులో ఉన్నవి సుమారు 200. లెక్క ఇంత సులువే గానీ దాని వెనక షరతులున్నాయి. గుర్తు ఊడిపోకూడదు, మధ్యలో కొత్తవి రాకూడదు, ఉన్నవి వెళ్లకూడదు, ఒకసారి పట్టుబడ్డ జంతువు రెండోసారి భయపడి తప్పించుకోకూడదు. తప్పించుకుంటే గుర్తున్నవి తక్కువ దొరికి, మన అంచనా ఉన్నదానికంటే పెరిగిపోతుంది. వార్తల్లో "ఈ జంతువులు ఇన్ని ఉన్నాయి" అని కనిపించినప్పుడల్లా అది ఇలాంటి అంచనా అనీ, పక్కన ఒక ప్లస్ ఆర్ మైనస్ ఉండి తీరాలనీ గుర్తుంచుకోండి.

ఆవరణ వ్యవస్థ గురించి ఒక మాట. ఈ భావనను 1935లో ఆర్థర్ టాన్స్‌లీ ప్రతిపాదించాడు. దానికి చాలా ముందే, 1866లో, ఎర్నెస్ట్ హెకెల్ ఎకాలజీ అనే శాస్త్రానికి పేరు పెట్టాడు. టాన్స్‌లీ దగ్గర నుంచి మనం పట్టుకోవాల్సింది ఏమిటంటే, ఆవరణ వ్యవస్థ సరిహద్దు మనం గీసుకునేదే. కుళ్లుతున్న దుంగ ఒక ఆవరణ వ్యవస్థే, మహా సముద్రం కూడా ఆవరణ వ్యవస్థే. దానికి నిర్ణీత సైజు లేదు, మీరు అడిగే ప్రశ్నను బట్టి గీత మారుతుంది. చెరువులోకి ఫాస్ఫరస్ ఎక్కడ నుంచి వస్తోంది అన్నది మీ ప్రశ్న అయితే గట్టు దగ్గర గీత గీస్తే కుదరదు, పైనున్న పొలాలు కూడా లోపలికి రావాలి.

జనాభా దగ్గరే ఇంకో మాట ఇరికిస్తారు, ధారణ సామర్థ్యం అని. ఒక చోటు ఎంతమందిని పోషించగలదో ఆ సంఖ్య. చాలామంది దీన్ని మారని అంకెలా చదువుతారు. అలాస్కా దగ్గర బేరింగ్ సముద్రంలో సెయింట్ మాథ్యూ అని ఒక దీవి ఉంది. 1944లో అక్కడ 29 రెయిన్‌డీర్లను వదిలారు. వేటాడే జంతువు లేదు, నేలంతా దట్టంగా లైకెన్ (రెయిన్‌డీర్లు మేసే నాచులాంటి జీవి) పరుచుకుని ఉంది. 1957కి అవి సుమారు 1,350 అయ్యాయి, 1963కి సుమారు 6,000. ఆ చలికాలం విపరీతంగా ఉండటం, అప్పటికే లైకెన్ మేసేయడం రెండూ కలిసొచ్చి మంద కూలిపోయింది, 1966లో లెక్కపెడితే మిగిలినవి 42. ఇక్కడ గమనించాల్సింది రెయిన్‌డీర్లు హద్దు దాటడం ఒక్కటే కాదు, హద్దు దాటినవాళ్లు ఆ హద్దునే కిందికి లాగేశారు, ఎందుకంటే లైకెన్ మళ్లీ పెరగడానికి దశాబ్దాలు పడుతుంది. 1963 నాటి దీవి 1944 నాటి దీవి కాదు. పాఠ్యపుస్తకంలో జనాభా పెరుగుదలను చూపే ఎస్ ఆకారపు గీత పైన అడ్డంగా గీసిన చుక్కల గీత చూసి మోసపోకండి.

ఆవాసం, నిచ్

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. ఆవాసాన్ని మ్యాపు మీద చూపించవచ్చు, చదరపు కిలోమీటర్లలో కొలవవచ్చు. నిచ్‌ను మ్యాపు మీద చూపించలేరు. ఒక జాతి ఎంత ఉష్ణోగ్రత నుంచి ఎంత వరకు తట్టుకుంటుంది, ఎంత తేమ కావాలి, ఏ సైజు ఆహారం తింటుంది, పగలు తిరుగుతుందా రాత్రి తిరుగుతుందా, ఎప్పుడు గుడ్లు పెడుతుంది, ఈ హద్దులన్నీ కలిపితే వచ్చేది నిచ్. అంటే ఒక్క యూనిట్ కాదు, బోలెడు యూనిట్లు ఒకేసారి. 1957లో హచిన్సన్ అనే శాస్త్రవేత్త దీన్ని అనేక అక్షాలున్న ఘనపరిమాణంగా చూపించింది అందుకే.

ఉదాహరణ కావాలంటే 1958లో మెక్‌ఆర్థర్ అనే శాస్త్రవేత్త చేసిన పని చదవండి. ఒకే స్ప్రూస్ అడవిలో, అవే చెట్ల మీద అయిదు జాతుల వార్బ్లర్ పిట్టలు పురుగులు ఏరుకుంటాయి. ఆవాసం ఒకటే. కానీ ఒకటి చెట్టు పైకొసల్లో, ఒకటి లోపలి కొమ్మల్లో, ఒకటి కింది భాగంలో, ఇలా ఎక్కడ ఎంతసేపు తింటున్నాయో ఆయన సెకన్లలో లెక్కపెట్టి చూపించాడు. ఆవాసం ఒకటైనా నిచ్‌లు వేరు. ఒకవేళ నిచ్ కూడా పూర్తిగా ఒకటే అయితే? గాజ్ అనే రష్యన్ శాస్త్రవేత్త 1930లలో రెండు జాతుల పారమీషియంలను (ఏకకణ జీవుల్ని) ఒకే పాత్రలో ఒకే ఆహారంతో పెంచాడు, ఒకటి బతికింది, రెండోది పూర్తిగా పోయింది. పోటీ వల్ల తొలగింపు అని మీరు చదివేది అదే.

మీ పుస్తకంలో మౌలిక నిచ్, వాస్తవ నిచ్ అని కూడా ఉంటాయి. స్కాట్లాండ్ తీరంలో రాళ్లకు రెండు రకాల బార్నకిల్స్ (పెంకు ఉన్న చిన్న సముద్ర జీవులు) అతుక్కుని ఉంటాయి, చిన్నది పైన, పెద్దది కింద. కానెల్ అనే ఆయన కింద ఉన్న పెద్దవాటిని గీకేసి చూస్తే చిన్నవి కిందా హాయిగా బతికాయి. అంటే అవి బతకగలిగే మేర పెద్దది, పోటీ వల్ల వాటికి దక్కిన మేర చిన్నది. ఇదే పని తిప్పి చేస్తే, అంటే పైనున్న చిన్నవాటిని తీసేస్తే, పెద్దవి పైకి రాలేకపోయాయి, ఎందుకంటే ఆటు సమయంలో అక్కడ ఎండిపోయి చస్తాయి. ఒకరిని ఆపింది పోటీ, ఇంకొకరిని ఆపింది ఎండ. ఇది 1961 నాటి పేపరు. నన్నడిగితే ఎకాలజీ మొదలుపెట్టేవాళ్లకు ఇంతకంటే మంచి ప్రయోగం ఇంకోటి లేదు.

నిల్వ వేరు, ప్రవాహం వేరు

మీ గందరగోళంలో సగం ఇక్కడే ఉందని నా అనుమానం, అందుకే కాస్త ఎక్కువ రాస్తున్నాను.

జీవద్రవ్యరాశి అంటే ఈ క్షణాన చదరపు మీటరుకు ఎన్ని గ్రాముల జీవపదార్థం ఉంది అన్నది. ఉత్పాదకత అంటే చదరపు మీటరుకు ఏడాదికి ఎన్ని గ్రాములు కొత్తగా తయారవుతోంది అన్నది. యూనిట్‌లో కాలం ఉందా లేదా చూడండి, అంతే. బ్యాంకులో ఉన్న నిల్వ చూసి నెల జీతం చెప్పలేం, ఇదీ అంతే.

దీని తీవ్రత ఎంతో చూడాలంటే సముద్రం వైపు చూడండి. నేల మీది మొక్కల్లో ఉన్న కార్బన్ సుమారు 450 గిగాటన్నులని అంచనా (ఒక గిగాటన్ను అంటే వంద కోట్ల టన్నులు). సముద్రంలో కిరణజన్య సంయోగక్రియ చేసే జీవులన్నింటిలో కలిపి సుమారు ఒక గిగాటన్ను. నిల్వలో 450 రెట్ల తేడా. కానీ ఏడాదికి ప్రపంచం మొత్తం మీద జరిగే సుమారు 105 గిగాటన్నుల కార్బన్ నికర ఉత్పత్తిలో దాదాపు సగం సముద్రానిదే. ఎలా కుదిరింది? వృక్ష ప్లవకాలు, అంటే నీటిలో తేలే మొక్కల్లాంటి సూక్ష్మజీవులు, రోజుల్లో రెట్టింపవుతాయి, అంతే వేగంగా ఎవరో ఒకరు తినేస్తారు. చెట్టు మాత్రం తను తయారుచేసుకున్నదాన్ని దశాబ్దాలు కాండంలో దాచుకుంటుంది.

ఇది అర్థమైతే, ఆహార గొలుసు మెట్లను ఒకదాని మీద ఒకటి పేర్చి గీసే పిరమిడ్ తలకిందులు ఎలా అవుతుందో కూడా వచ్చేసినట్టే. ఇంగ్లిష్ చానల్‌లో కొలిచినప్పుడు జంతు ప్లవకాలు, మిగతా జంతువుల జీవద్రవ్యరాశి వాటికి ఆహారమైన వృక్ష ప్లవకాల కంటే చాలా ఎక్కువగా కనిపించింది. ఇది పాఠ్యపుస్తకాల్లో ఎప్పటి నుంచో ఉన్న ఉదాహరణ. తినేవాళ్లు ఎక్కువ, తిండి తక్కువ, ఇదెలా అని విద్యార్థులు బుర్ర గోక్కుంటారు. నిల్వను కొలిచారు కాబట్టి అలా కనిపించింది, ఏడాది పొడవునా ప్రవాహాన్ని కొలిస్తే పిరమిడ్ నిటారుగానే ఉంటుంది. సంఖ్యల పిరమిడ్, జీవద్రవ్యరాశి పిరమిడ్ తలకిందులు కావచ్చు, శక్తి పిరమిడ్ ఎప్పటికీ కాదు. కారణం ఒక్కటే, ప్రతి మెట్టు దగ్గరా శ్వాసక్రియలో వేడిగా పోయిన శక్తి మళ్లీ వెనక్కి రాదు.

ఇక ఆ పది శాతం. "ఒక పోషక స్థాయి (ఆహార గొలుసులో ఒక మెట్టు) నుంచి పైదానికి 10 శాతం శక్తే వెళ్తుంది" అన్నది సూత్రం కాదు, ఉరామరిగా చెప్పే సగటు. 1942లో లిండెమన్ ఒక చిన్న సరస్సు మీద చేసిన లెక్కల నుంచి ఈ ఆలోచన బలపడింది. నిజంగా కొలిస్తే 5 నుంచి 20 శాతం దాకా మారుతూ ఉంటుంది. లెక్క అడిగితే పది వేసి చేసేయండి, వ్యాసం అడిగితే ఈ మాట రాయండి.

స్థూల ఉత్పాదకత, నికర ఉత్పాదకత తేడా కూడా ఈ దారిలోనే తేలిపోతుంది. మొక్క తయారుచేసిన మొత్తం స్థూలం, అందులో తన శ్వాసక్రియకు వాడుకోగా మిగిలింది నికరం. ఇంకో మెట్టు ఉంది, చాలామంది వదిలేస్తారు: మొక్కలదే కాదు, ఆ అడవిలోని జంతువులు, శిలీంధ్రాలు, బాక్టీరియా శ్వాసక్రియ కూడా తీసేస్తే మిగిలేది ఆవరణ వ్యవస్థ నికర ఉత్పత్తి. ముదిరిన అడవిలో అది సున్నాకు దగ్గరగా వస్తుంది. "అమెజాన్ ప్రపంచానికి 20 శాతం ఆక్సిజన్ ఇస్తోంది" అనే వాట్సాప్ మెసేజ్ తప్పు అయ్యేది ఇక్కడే. ఆ అడవి తయారుచేసిన ఆక్సిజన్‌ను దాదాపు మొత్తం ఆ అడవే వాడేసుకుంటుంది. అమెజాన్‌ను కాపాడాల్సిన కారణాలు వేరే బోలెడున్నాయి, కార్బన్ నిల్వ, వాన, జాతులు. ఆక్సిజన్ మాత్రం ఆ జాబితాలో లేదు.

చచ్చిన పదార్థాన్ని కుళ్లబెట్టే విచ్ఛిన్నకారుల్ని ఆహార గొలుసు పటంలో ఒక మూలన చిన్న డబ్బాలో పెట్టడం నాకు అసలు నచ్చదు. అడవిలో ఆకుల్లో ఎక్కువ భాగం ఎవరూ తినకుండానే రాలిపోతాయి, ఆ ప్రవాహమంతా శిలీంధ్రాల, బాక్టీరియాల, మట్టిలో పురుగుల గుండానే వెళ్తుంది. పటంలో లావుపాటి బాణం అటు ఉండాలి.

జీవవైవిధ్యం, కీలక జాతి

జాతుల సంఖ్య ఒక్కటే వైవిధ్యం కాదు. రెండు ప్లాట్లు, రెండింట్లోనూ 10 జాతులు, 100 మొక్కలు. మొదటిదాంట్లో ఒక్కో జాతివి పదేసి. రెండోదాంట్లో ఒకే జాతివి 91, మిగతా తొమ్మిది జాతులవి ఒక్కొక్కటి. జాతుల సంపద సమానం, కానీ రెండోదాంట్లో నడుస్తుంటే మీకు ఒకే మొక్క కనిపిస్తుంది. జాతుల సంఖ్యనూ వాటి వాటాలనూ కలిపి కొలిచే షానన్ సూచిక లెక్కగడితే మొదటిదానికి 2.30, రెండోదానికి 0.50. జాతుల మధ్య వాటాలు ఎంత సమంగా ఉన్నాయో దాన్ని సమానత అంటారు. సర్వే రిపోర్టులో "ఇన్ని జాతులు ఉన్నాయి" అని మాత్రమే రాసి వదిలేస్తే నేనైతే వెనక్కి పంపిస్తాను. ఎంత విస్తీర్ణంలో, ఎంతసేపు వెతికి, ఏ కాలంలో అన్నది కూడా ఉండాలి, ఎక్కువసేపు వెతికితే ఎక్కువ జాతులు దొరకడం ఎక్కడైనా మామూలే.

అధిక సంఖ్యలో ఉన్న జాతి, కీలక జాతి ఒకటి కాదు. రాబర్ట్ పెయిన్ అమెరికా వాయవ్య తీరంలో ఒక రాతి ఒడ్డు నుంచి స్టార్‌ఫిష్‌లను ఏరి సముద్రంలోకి విసిరేస్తూ పోయాడు. అవి తినే ఆల్చిప్పలకు ఇక అడ్డు లేకుండా పోయి రాళ్లన్నీ ఆక్రమించాయి, 15గా ఉన్న జాతుల సంఖ్య 8కి పడిపోయింది. ఈ ఫలితం 1966లో వచ్చింది, కీలక జాతి అనే మాట ఆయన 1969లో వాడాడు. కొలత ఎలాగంటే, తన జీవద్రవ్యరాశితో పోలిస్తే సముదాయం మీద ప్రభావం ఎంత అన్నది. అడవిలో ఎనభై శాతం ఉన్న చెట్టును తీసేస్తే అడవి మారిపోతుంది, అందులో ఆశ్చర్యం లేదు, దాన్ని ఆధిపత్య జాతి అంటారు. కొద్దిగా ఉండి అంత పనీ చేసేదే కీలక జాతి. అలాగని ఏది కీలకమో చూడగానే చెప్పడం కుదరదు, తీసేసి చూడాలి, లేదా అదే పోయిన చోటు చూడాలి. "పులి కీలక జాతి, తేనెటీగ కీలక జాతి" అని జాబితాలు బట్టీ పడితే ఉపయోగం లేదు.

స్థానీయ జాతి, అరుదైన జాతి, ప్రమాదంలో ఉన్న జాతి, ఈ మూడూ ఒకే గాటన కట్టకండి. స్థానీయత అంటే ఇంకెక్కడా లేదు అని, అది విస్తీర్ణం సంగతి. అరుదు అంటే తక్కువ సంఖ్య. ప్రమాదం అంటే అంతరించే అవకాశం ఎంత అని, అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ ఎర్ర జాబితా దాన్ని జనాభా ఎంత వేగంగా తగ్గుతోంది, విస్తీర్ణం ఎంత కుంచించుకుపోతోంది లాంటి ప్రమాణాలతో నిర్ణయిస్తుంది. ఒక దీవిలో మాత్రమే ఉండి అక్కడ కుప్పలు తెప్పలుగా ఉన్న మొక్క స్థానీయం, అరుదు కాదు. అలాగే బయట నుంచి వచ్చిన ప్రతి జాతీ దురాక్రమణ జాతి కాదు, వచ్చి, స్థిరపడి, విస్తరించి, నష్టం చేస్తేనే ఆ పేరు.

కాలుష్యం మాటలు: ఇక్కడ అంకె చదవడం రాకపోతే ప్రమాదం

బీఓడీ అంటే నీటిలో ఉన్న ఆక్సిజన్ అని ఎంతమంది రాస్తారో. కాదు. నీటిలో ఉన్న సేంద్రియ వ్యర్థాన్ని తినడానికి సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్. సీసాలో నింపి, చీకట్లో, 20 డిగ్రీల దగ్గర, 5 రోజులు ఉంచి, మొదట ఎంత ఉంది చివర ఎంత ఉంది అని చూస్తాం. భారత ప్రమాణాల్లో 27 డిగ్రీలు, 3 రోజులు. చీకటి ఎందుకంటే వెలుగు తగిలితే నాచు ఆక్సిజన్ తయారుచేసి లెక్క పాడుచేస్తుంది. 20 డిగ్రీల మంచినీటిలో గరిష్ఠంగా కరిగే ఆక్సిజన్ లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములే, కాబట్టి బీఓడీ 200 ఉన్న మురుగునీటిని పలచన చేయకుండా కొలవలేం. బీఓడీ పెరిగితే చెడ్డ, కరిగిన ఆక్సిజన్ పెరిగితే మంచి, ఇంతవరకు అందరికీ తెలుసు.

కానీ రెండింటికీ మినహాయింపులున్నాయి. ఒకసారి మా దగ్గరికి ఒక ఫ్యాక్టరీ వ్యర్థజలం నమూనా వచ్చింది. బీఓడీ చాలా తక్కువ, సీఓడీ మాత్రం భారీగా ఉంది. సీఓడీలో సూక్ష్మజీవులు ఉండవు, బలమైన రసాయనంతో ఆక్సీకరణం చేసి చూస్తాం. బీఓడీ అంకె ఒక్కటే చూసినవాళ్లు నీరు శుభ్రంగా ఉందన్నారు. నమూనాను ఇంకా పలచన చేసి చూస్తే లెక్కలో బీఓడీ పెరిగింది, మరింత పలచన చేస్తే ఇంకా పెరిగింది. అంటే నీటిలో ఉన్న విషం సూక్ష్మజీవుల్నే చంపేస్తోంది, తినేవాళ్లు లేక ఆక్సిజన్ ఖర్చు కాలేదు. తక్కువ బీఓడీ అంటే నీరు శుభ్రం అన్నా కావచ్చు, సూక్ష్మజీవి కూడా బతకనంత విషం అన్నా కావచ్చు.

కరిగిన ఆక్సిజన్ సంగతీ అంతే. ఆకుపచ్చగా నాచు పట్టిన ఒక చెరువులో తెల్లారేసరికి చేపలు చచ్చి తేలుతున్నాయి. మధ్యాహ్నం వచ్చి కొలిచినవాళ్లకు 14 మిల్లీగ్రాములు వచ్చింది, ఆక్సిజన్ దండిగా ఉందని రాసి వెళ్లారు. 30 డిగ్రీల నీటిలో మామూలుగా పట్టేది సుమారు 7.5, దానికి రెట్టింపు ఉండటమే జబ్బు లక్షణం. పగలు నాచు ఆక్సిజన్ గుమ్మరిస్తుంది, రాత్రంతా నాచుతో సహా అందరూ శ్వాసించి తెల్లవారుజామున అడుగంటిస్తారు. సూర్యోదయానికి ముందు కొలవాలి, కుదిరితే ఇరవై నాలుగు గంటలూ.

ఆ నాచు ఎందుకొచ్చింది అంటే యూట్రోఫికేషన్, పోషకాలు ఎక్కువై. ఏ పోషకం? 1970లలో కెనడాలోని ఒంటారియోలో షిండ్లర్ బృందం ఒక సరస్సును మధ్యలో తెర కట్టి రెండుగా విడదీసింది. ఒక సగంలో కార్బన్, నత్రజని వేశారు, రెండో సగంలో వాటితోపాటు ఫాస్ఫరస్ కూడా. ఫాస్ఫరస్ పడిన సగం మాత్రమే ఆకుపచ్చగా మారింది. పరిమిత కారకం అనే పదాన్ని ఈ ఒక్క ప్రయోగంతో గుర్తుపెట్టుకోవచ్చు. మంచినీటి సరస్సుల్లో తరచూ అది ఫాస్ఫరస్, సముద్రంలో చాలాచోట్ల నత్రజని, కొన్ని చోట్ల ఇనుము.

జైవిక వ్యవస్థాపనం, జైవిక వృద్ధీకరణం. మొదటిది ఒక జీవి తన జీవితకాలంలో విషాన్ని ఒంట్లో పోగేసుకోవడం, రెండోది ఆహార గొలుసులో మెట్టు మెట్టుకూ గాఢత పెరగడం. డీడీటీకి పుస్తకాల్లో కనిపించే అంకెలు చూడండి: జంతు ప్లవకాల్లో 0.04 పీపీఎం (పది లక్షల భాగాల్లో ఇన్ని భాగాలు), చిన్న చేపల్లో 0.5, పెద్ద చేపల్లో 2, వాటిని తినే పక్షుల్లో 25. ప్లవకాల నుంచి పక్షి దాకా ఆరు వందల రెట్లకు పైగా. గుడ్ల పెంకులు పలచబడి పొదుగుతుంటేనే పగిలిపోయాయి. జపాన్‌లోని మినమాటాలో 1956లో బయటపడిన మిథైల్ మెర్క్యురీ జబ్బు కూడా ఈ కోవలోదే. ఇలా జరగాలంటే ఆ పదార్థం త్వరగా విచ్ఛిన్నం కాకూడదు, ఒంట్లోంచి తేలిగ్గా బయటికి పోకూడదు.

రాబందుల్ని కూడా ఈ లెక్కలో వేసేస్తారు, అది తప్పు. భారత ఉపఖండంలో రాబందులు కుప్పకూలడానికి పశువుల మందు డైక్లోఫెనాక్ కారణమని 2004లో తేలింది, 2006లో భారత్ దాని పశువైద్య వాడకాన్ని నిషేధించింది. అది గొలుసులో పోగుపడి చంపలేదు. మందు వేసిన కొద్ది రోజుల్లోనే చచ్చిన పశువును తిన్న రాబందుకు మూత్రపిండాలు దెబ్బతిని నేరుగా చనిపోయింది. తిండితో ఒంట్లోకి వెళ్లిన ప్రతి విషమూ వృద్ధీకరణం కాదు.

మిగతావి వేగంగా

అనుక్రమం, అంటే ఒక చోట కాలంతోపాటు జాతులు ఒకదాని తర్వాత ఒకటి మారుతూ రావడం: మట్టే లేని చోట మొదలైతే ప్రాథమికం, మట్టి మిగిలిన చోట మొదలైతే ద్వితీయం. 1963లో ఐస్‌లాండ్ దగ్గర సముద్రంలోంచి పుట్టిన సర్ట్‌సీ దీవి మొదటిదానికి చక్కటి ఉదాహరణ. చివరికి ఒక స్థిరమైన దశ వచ్చి ఆగిపోతుంది అన్న పాత మాటను మరీ గట్టిగా పట్టుకోకండి.

ఓజోన్ రంధ్రం, భూతాపం వేర్వేరు సమస్యలు. మొదటిది పై వాతావరణ పొర అయిన స్ట్రాటోస్ఫియర్‌లో సీఎఫ్‌సీల (ఫ్రిజ్‌లు, స్ప్రేల్లో వాడిన వాయువుల) వల్ల ఓజోన్ తగ్గడం, 1985లో బయటపడింది, 1987 మాంట్రియల్ ఒప్పందం దాని మీదే. రెండోది కార్బన్ డయాక్సైడ్, మీథేన్ వంటివి వేడిని పట్టి ఉంచడం. హవాయిలోని మౌనా లోవాలో 1958లో కొలవడం మొదలుపెట్టినప్పుడు కార్బన్ డయాక్సైడ్ సుమారు 315 పీపీఎం, ఇప్పుడు 420 దాటింది. ఆ గ్రాఫు రంపపు పళ్లలా ఎందుకుంటుందో ఆలోచించారా? ఉత్తరార్ధగోళంలో వేసవిలో మొక్కలు పెరుగుతూ లాగేసుకుంటాయి, చలికాలంలో శ్వాసక్రియ, కుళ్లడం వల్ల తిరిగి వదులుతాయి. పైన చెప్పిన ఉత్పాదకత ప్రవాహాన్ని ఏకంగా గాలిలోనే చూస్తున్నామన్నమాట.

అన్నట్టు, ఈ అంకెలు చదివేటప్పుడు "టన్ను కార్బన్" అన్నారా "టన్ను కార్బన్ డయాక్సైడ్" అన్నారా చూసుకోండి. ఒక టన్ను కార్బన్ అంటే 3.67 టన్నుల కార్బన్ డయాక్సైడ్, 44ను 12తో భాగిస్తే వచ్చేది. రెండు రిపోర్టుల అంకెలు దాదాపు నాలుగింతలు తేడాగా కనిపిస్తే ముందు అనుమానించాల్సింది ఇదే.

ఏ క్రమంలో చదవాలి అన్నారు కదా: జనాభా, సముదాయం, ఆవరణ వ్యవస్థ ముందు, ఆ వెంటనే జీవద్రవ్యరాశి, ఉత్పాదకత, తర్వాత నిచ్, ఆపైన వైవిధ్యం, చివర కాలుష్యం, వాతావరణం. ఒక నోట్‌బుక్‌లో పదం, ఎవరి గురించి, ఏ యూనిట్, కాలం ఉందా లేదా, దేనితో పొరబడతాను అని అయిదు గడులు గీసుకుని నింపుకుంటూ పోండి. నత్రజని వలయం గురించి ఇక్కడ రాయలేదు, దానికి ఇంత పొడుగు సమాధానం వేరే కావాలి. మీ పుస్తకంలో ఎక్కడ ఆగిపోయారో రాస్తూ విడిగా అడగండి, చెప్తాను.